రోళ్లపాడుకు వానల్లో రండి

కర్నూల్లో ఉంటూ కెమెరా పట్టుకుని పిట్టల వెంట తిరుగుతాను కాబట్టి నాకు ఏటా కొన్ని ఫోన్లు వస్తాయి. అన్నీ దసరా దాటాకే. "అన్నా, సీజన్ మొదలైందా? రోళ్లపాడు అభయారణ్యానికి వద్దామనుకుంటున్నాం, రూములు దొరుకుతాయా?" అంటారు. జూన్‌లోనో సెప్టెంబరులోనో రమ్మని నేను పిలిస్తే మాత్రం నవ్వుతారు. "వానల్లో పిట్టలేముంటాయన్నా? మబ్బు, బురద, లైటు కూడా ఉండదు" అంటారు. హైదరాబాదువాళ్లు అంటే పోనీలే అనుకోవచ్చు. నంద్యాలవాళ్లూ అనంతపురంవాళ్లూ అదే మాటంటే ఒళ్లు మండుతుంది. మన నేల సంగతి మనకే తెలియకపోతే ఎట్లా?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సీజన్ అనే లెక్క నీటిపక్షులను చూసి పుట్టింది. కొల్లేరుకీ పులికాట్‌కీ అది సరిగ్గా సరిపోతుంది. ఉత్తరాన చలి ముదిరితే బాతులు, ఉల్లంకులు ఇటు దిగుతాయి, ఎండలు మొదలయ్యేసరికి వెళ్లిపోతాయి. వాటిని ఫొటో తీయాలంటే అవి ఉన్నప్పుడే పోవాలి, అందులో వాదనేం లేదు. మన అలగనూరు రిజర్వాయరు దగ్గర పట్టెతల బాతులు కావాలన్నా చలికాలమే దారి. కానీ కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎక్కువ భాగం చెరువు కాదు. గడ్డి, కంపచెట్లు, రాతిగుట్టలు, మెట్టచేలు. వీటిల్లో ఉండే పక్షుల్లో చాలావరకు ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటాయి. వాన పడి గడ్డి మొలిచి పురుగు పుడితేగానీ వాటికి సంసారం సాగదు. పాడేదీ, రంగు తిరిగేదీ, ఆడపక్షి ముందు విన్యాసాలు చేసేదీ అప్పుడే. చలికాలంలో అవి కూడా ఎండుగడ్డి రంగులో, ఎండుగడ్డిలో, నోరు మెదపకుండా తిరుగుతుంటాయి.

నెమలినే తీసుకోండి. వానాకాలం చివరికొచ్చేసరికి మగనెమలి తోక ఈకలు రాల్చేస్తుంది. డిసెంబరులో వచ్చినవాళ్లకు ఇంకా పూర్తిగా పెరగని తోకతో గింజలేరుకునే నెమళ్లే ఎక్కువ కనిపిస్తాయి. పురి విప్పి ఆడేది ఎప్పుడో మనవాళ్లు ఎన్ని పాటల్లో చెప్పలేదు! గిజిగాడూ అంతే. చలికాలంలో అది పిచ్చుకకు చుట్టంలా ఉంటుంది. జూన్ దాటాక మగదాని తల, రొమ్ము పసుపెక్కుతాయి. బావిగట్టు మీద వేలాడే గూళ్లు సగం అల్లినవి, ఆడపక్షి నచ్చలేదని వదిలేసినవి, లోపల్నుంచి పొడవాటి సొరంగంలా కిందికి సాగుతున్నవి, అన్నీ ఒకే చెట్టున దొరుకుతాయి. సీజన్‌లో వచ్చి ఖాళీ గూళ్లు ఫొటో తీసుకుని పోయేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

"మరి ఈబర్డ్‌లో చూస్తే జులైలో రాయలసీమ నుంచి ఏమీ ఉండదే?" అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. కాకపోతే ఈబర్డ్ అంటే పిట్టలు చూసినవాళ్లు తమ లిస్టులు పెట్టే వెబ్‌సైట్, ఆ లిస్టులు రాసేది మనుషులు. పిట్టలు లేవని ఎవరూ పోరు, ఎవరూ పోరు కాబట్టి లిస్టులు ఉండవు, లిస్టులు లేవు కాబట్టి పిట్టలు లేవంటారు. ఎన్ని చోట్ల నమోదైందని కాకుండా, వచ్చిన లిస్టుల్లో ఎన్నింట్లో ఆ పక్షి ఉందని చూడాలి. ఆ చార్టు అందులోనే ఉంటుంది. అయితే ఒక నెలకు వచ్చిన లిస్టులే నాలుగైతే ఆ శాతాన్ని కూడా పెద్దగా నమ్మక్కర్లేదు. ప్లాను వేసుకోవడానికి దాన్ని వాడండి, ప్లాను మానుకోవడానికి వాడొద్దు.

ఇక లైటు సంగతి. మబ్బు పడితే ఫొటో రాదనేది ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టుకునే శక్తి లెక్క) 800 దాటితే బొమ్మ గింజలు గింజలుగా వచ్చే కాలం నాటి భయం. ఇప్పటి కెమెరాలు 3200 దగ్గర కూడా బాగానే నెట్టుకొస్తాయి. మన మైదానాల్లో పెద్ద లెన్సుకు అసలు శత్రువు ఎండ. నేల కాగిందంటే గాలి అలలు అలలుగా లేస్తుంది. నూరు మీటర్ల దూరంలో ఉన్న జింక కూడా నీళ్లలోంచి చూసినట్టు వంకర్లు పోతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా, ఎంత షట్టరు స్పీడు పెట్టినా అది పోదు. జనవరిలో కూడా పొద్దున తొమ్మిదిన్నర, పది దాటితే రోళ్లపాడులో దూరపు షాట్లు దండగ. అదే వాన వెలిసిన మర్నాడు మబ్బు పట్టి ఉందనుకోండి, దుమ్ము అణిగిపోయి, నేల చల్లబడి, మధ్యాహ్నం పన్నెండింటికి కూడా ఈకఈకా తేలుతుంది. నల్ల వీపూ తెల్ల పొట్టా ఉన్న మగ కృష్ణజింకను ఎండలో తీస్తే రెంట్లో ఒకటి పోతుంది. మబ్బులో రెండూ దక్కుతాయి. ఆకాశం వెనకాల పెట్టి ఎగిరే పక్షిని తీసేటప్పుడు మాత్రం ఎక్స్‌పోజరు ఒక స్టాపు, అంటే వెలుతురు రెట్టింపు, పెంచుకోవాలి, లేకపోతే అన్నీ కాకులే.

కృష్ణజింక మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. దాని నలుపు ఏడాదంతా ఒక్కలా ఉండదు. వానాకాలం ముగిసేసరికి మగజింక ముదురు రంగు బాగా తేలి, పొట్ట తెలుపు గీత గీసినట్టు కనిపిస్తుంది. వేసవి మొదట్లో బొచ్చు రాలి గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకే నాకు సెప్టెంబరు చివరివారాలు ఇష్టం. గడ్డి పచ్చగా ఉంటుంది, జింక నల్లగా ఉంటుంది, మగవాటి మధ్య కొమ్ముల పోట్లాటలూ జరుగుతుంటాయి. రైతుకు మాత్రం అదే నెలలో అదే జింక మొలకలు మేసిపోయే దొంగ. చేలో నిలబడి ఫొటో తీస్తుంటే ఆయన మొహం చిట్లించాడంటే తప్పు మనదే. ముందు పలకరించాలి. కెమెరా తెర మీద ఒక బొమ్మ చూపించాలి. ఆ తర్వాత ఏ గట్టున ఏముందో మీకు ఏ యాప్ చెప్పనంత వివరంగా ఆయనే చెబుతాడు.

రోళ్లపాడు గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. నందికొట్కూరు దాటాక వచ్చే చిన్న అభయారణ్యం, వైశాల్యం 6.14 చదరపు కిలోమీటర్లు. 2022లో జిల్లాలు విడగొట్టాక నంద్యాల జిల్లాలోకి పోయింది. అభయారణ్యమన్న పేరేగానీ పెద్ద చెట్లుండవు, అంతా గడ్డి. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో ప్రకటించారు. అంతకు ముందునుంచే బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అసద్ రహ్మానీ వంటివాళ్లు ఇక్కడ మకాం వేసి ఆ పక్షిని చదివారు. వానాకాలంలో మగపక్షి గొంతు సంచి ఉబ్బించి నిలబడేదనీ, ఆడపక్షి నేల మీద ఒక్క గుడ్డు పెట్టేదనీ ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. తర్వాత కాలువల నీళ్లొచ్చి చుట్టుపక్కల మెట్టచేల పంటలు మారాయి, గడ్డిభూములు చేలయ్యాయి, ఊరకుక్కలు పెరిగాయి. ఇప్పుడు దేశం మొత్తం మీద అడవిలో మిగిలినవి 150 లోపే ఉంటాయని అంచనా, అందులో ఎక్కువ రాజస్థాన్‌లోనే. రోళ్లపాడులో ఏళ్లుగా జాడ లేదు. దానికోసం రావొద్దు. నేల నెమలి కోసం కూడా ఆశ పెట్టుకోవద్దు. వానల్లో గడ్డి పైకి ఎగిరెగిరి పడే ఆ పక్షి ఒకప్పుడు ఇక్కడ కనిపించేది.

మరి దేనికి రమ్మంటున్నాను? పిచ్చుకంత పక్షికి. బూడిదరంగు తల భరతపక్షి, ఇంగ్లీషులో స్పారో లార్క్ అంటారు. మన దగ్గర ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది, అందుకే ఎవరూ కెమెరా ఎత్తరు. జూన్ చివర్లో ఒక పొద్దున బండి ఆపి ఇంజను కట్టేసి కూర్చోండి. మగపక్షి రాయి మీంచి లేచి రెక్కలు గబగబా కొట్టుకుంటూ నిలువుగా ఎక్కుతుంది. తాటిచెట్టంత ఎత్తుకు పోయాక రెక్కలు ముడిచేసి తలకిందులుగా జారుతుంది, సన్నగా సాగే ఒక ఈల వేస్తుంది, నేల తాకుతుందనగా మళ్లీ పైకి లేస్తుంది. అట్లా గాలిలో అలలు గీస్తూ పోయి చివరికి ఇంకో రాయి మీద వాలుతుంది. కిందనుంచి చూస్తే పొట్ట, గొంతు నల్లగా, బుగ్గ తెల్లగా. ఎక్కేటప్పుడు తీస్తే ఫొటో రాదు, రెక్కల వేగానికి అంతా మసక. జారడం మొదలయ్యే ఆ క్షణంలో అది దాదాపు నిలబడుతుంది. అక్కడ సెకనులో రెండువేలవ వంతు చాలు. ఒకే పక్షి అదే వరసలో మళ్లీమళ్లీ చేస్తుంది కాబట్టి నేర్చుకోవడానికి వీలుంటుంది. ఇంత ఆట డిసెంబరులో ఎవరైనా చూపిస్తే చెప్పండి.

దీని పక్కనే చాతకం కంపచెట్టు చివర కూస్తుంటుంది. మొదటి వానకు ఆరుద్ర పురుగులు ఎర్రని నేల మీద ఇంకా ఎర్రగా పాకుతుంటాయి. గుంటల్లో మగకప్పలు పసుపురంగుకు తిరిగి గొంతులు చించుకుంటుంటాయి. చిన్నవాటిని దగ్గరనుంచి తీసే మాక్రో లెన్సు ఉన్నవాళ్లకు పక్షులు దొరక్కపోయినా రోజు గడిచిపోతుంది.

చలికాలానికి దక్కాల్సింది కూడా చెప్పాలి కదా. మధ్య ఆసియా నుంచి వచ్చే పిల్లిగద్దలు సాయంత్రం రోళ్లపాడు గడ్డిలో నిద్రకు దిగడం చూడాలంటే నవంబరు తర్వాతే. ఒకప్పుడు వందల్లో దిగేవి. దానికి వానాకాలంలో సాటి లేదు, ఒప్పుకుంటాను.

చిలమత్తూరు దగ్గర వీరాపురం సంగతి ఇంకా విచిత్రం. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా. ఊళ్లో చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. అవి సైబీరియా నుంచి వస్తాయని పేపర్లు ఏటా రాస్తాయిగానీ అవి మన దేశం పక్షులే, చెరువు నుంచి చెరువుకు తిరుగుతుంటాయి. కొత్త సంవత్సరం ప్రాంతంలో చేరి గూడు కట్టి, పిల్లలను పెంచి, వానలు మొదలైన తర్వాత వెళ్లిపోతాయి. మన ఫొటోగ్రాఫర్లు జనవరి సెలవుల్లో వచ్చి పుల్లలు మోసే కొంగలను తీసుకుని పోతారు. పిల్లలు గూటి అంచున నిలబడి రెక్కలు ఆడించడం, తల్లి తెచ్చిన చేపను లాక్కోవడం, మొదటిసారి ఎగరబోయి పక్క కొమ్మకు తగులుకోవడం, ఇవన్నీ ఎండలు ముదిరాకే. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరింటికి అక్కడుంటే ఎనిమిదింటికల్లా పని అయిపోతుంది. చెరువులు ఎండిన ఏడాది పిల్లలు ఆకలితో, ఎండతో కింద పడతాయి. ఊరివాళ్లు ఆ కొంగలను ఇంటి ఆడబిడ్డల్లా చూసుకుంటారు. కింద పడిన పిల్ల చుట్టూ మూగి ఫొటోలు తీయడం అక్కడ మర్యాద కాదు.

కడపవైపు అడిగేవాళ్లందరూ అడిగేది కలివికోడి గురించే. 1848లో లోకానికి తెలిసి, 1900 తర్వాత కనిపించక, అంతరించిందనుకున్న పక్షి. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చి వెలుతురులో పట్టుకుంటే, భరత్ భూషణ్ అనే పరిశోధకుడి వెతుకులాట ఫలించింది. పట్టుకున్న ఆ పక్షి మాత్రం బతకలేదు. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం దానికోసమే వచ్చింది. తెలుగుగంగ కాలువ దారి కూడా దానికోసమే మార్చారు. ఆ తర్వాత పరిశోధకులు మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు వెతికారు, కెమెరా ట్రాపులు పెట్టారు. చాలా ఏళ్ల మౌనం తర్వాత 2025 ఆగస్టులో ఒక బృందం దాని కూతను మళ్లీ రికార్డు చేసింది. ఆగస్టులో, గమనించండి. అయినా దీన్ని మీ లిస్టులో పెట్టుకోవద్దు. రాత్రి తిరిగే పక్షి, ఎక్కడుందో తెలిసిన కొద్దిమందీ చెప్పరు, చెప్పకూడదు కూడా. పైగా అదంతా ఎర్రచందనం అడవి. అనుమతి కాగితం లేకుండా తెల్లవారుజామున పెద్ద బ్యాగుతో ఆ చుట్టుపక్కల తిరిగితే మీరు పక్షుల కోసం వచ్చారని చెక్‌పోస్టులో ఎవరూ నమ్మరు. గండికోటకు పోండి. పెన్నా లోయ అంచున నిలబడితే తెల్లరాబందులు మన కాళ్లకింద ఎగురుతాయి, వీపు పైనుంచి ఫొటో తీసే అవకాశం ఎన్ని చోట్ల దొరుకుతుంది?

నల్లమలను వానల్లో మరిచిపోండి. పులుల అభయారణ్యాన్ని జులై నుంచి సెప్టెంబరు దాకా పర్యాటకులకు మూస్తారు. మంచి పనే చేస్తారు.

ఇక్కడ నా వాదనకు పెద్ద అడ్డంకి వస్తుంది, దాన్ని తప్పించుకు పోలేను. పక్షులు సంసారం చేసుకునే కాలంలోనే రమ్మని పిలుస్తున్నాను కదా, దాంతో వాటికి చేటు కాదా? అవుతుంది, జాగ్రత్త లేకపోతే. తీతువును చూడండి. గులకరాళ్ల మధ్య, గులకరాళ్ల లాంటి గుడ్లు పెడుతుంది. మీ నెత్తిన తిరుగుతూ అరుస్తోందంటే గుడ్లు ఆ దగ్గర్లోనే ఉన్నాయని అర్థం. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు అది పొట్ట తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మీరు మంచి యాంగిల్ కోసం పావుగంట అక్కడే కూర్చుంటే ఆ గుడ్లు ఉడుకుతాయి. ఫొటో పోటీల్లో గూటి ఫొటోలు తీసుకోకపోవడం ఊరికే పెట్టిన నియమం కాదు. నా పద్ధతి చెబుతాను. బండిబాట దిగను. కిటికీలోంచే తీస్తాను, కారే నాకు మాటు. గూడు కనిపిస్తే, గిజిగాడి కాలనీ లాంటి ఊరి మధ్య గూళ్లు తప్ప, లెన్సు ఎత్తను. ఫోన్లో కూత వినిపించి పక్షిని రప్పించే పని ఈ నెలల్లో అసలు చేయను. అది తన జాగాలోకి ఇంకొక మగపక్షి వచ్చిందనుకుని తిండి మాని వెతుక్కుంటూ తిరుగుతుంది. ఇవి పాటించలేనివాళ్లు డిసెంబరులోనే రండి, అదే మేలు.

అసలు ప్లానింగుకొద్దాం. వానాకాలం ట్రిప్పును మూడు నెలల ముందు తేదీతో ఖాయం చేసుకోవడం కుదరదు. అనంతపురంలో ఏడాదికి కురిసేదే సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ ఒక ఊళ్లో వంకలు పారుతుంటే పక్క ఊళ్లో దుమ్ము లేస్తుంటుంది. జూన్‌లో నాలుగు చినుకులు పడి జులై అంతా ఎండగట్టిన ఏడాదులు మనకు కొత్త కాదు. అందుకని క్యాలెండరు కాదు, మండలాలవారీ వర్షపాతం చూడాలి. గడ్డి మొలవడానికి మంచి వాన పడ్డాక వారం, పది రోజులు ఆగి బయల్దేరాలి. ఆఫ్ సీజన్ అంటే రూము రేటు తగ్గడమని అందరూ అంటారుగానీ నాకు అందులో నచ్చేది వేరు. గురువారం రాత్రి అనుకుని శుక్రవారం సాయంత్రం బయల్దేరినా రూము దొరుకుతుంది, అద్దె లెన్సూ దొరుకుతుంది. సంక్రాంతి సెలవుల్లో ఆ రెండూ జరగవు.

రెండో సంగతి నేల. నందికొట్కూరు చుట్టూ నల్లరేగడి. వాన పడిన రోజు తారురోడ్డు దిగారంటే చక్రాల నిండా మట్టి మెత్తుకుని బండి కదలదు, ట్రాక్టరు కోసం ఊళ్లోకి నడవాలి. అట్లాంటప్పుడు దక్షిణానికి పోవాలి. పెనుకొండ, చెన్నేకొత్తపల్లి, రొద్దం వైపు ఎర్రనేల, గరుసు. గట్టి వాన కురిసినా కాసేపటికే నీళ్లు ఇంకి నడవడానికి వీలవుతుంది. ఆ గుట్టల్లో పొద్దున్నే పసుపు గొంతు పికిలిపిట్ట కోసం చెవి పెట్టండి. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో ఊళ్లవాళ్లు పెంచుకున్న కల్పవల్లి గడ్డిభూములు కూడా ఆ పక్కనే. ఇప్పుడు అక్కడ గాలిమరలు తిరుగుతున్నాయి, ఫ్రేములో అవి పడకుండా చూసుకోవడం ఒక పని. అది ఊరివాళ్ల అడవి కాబట్టి వాళ్లనడిగే లోపలికి పోవాలి.

సామానులో మూడు చెబుతాను. సంచి కుట్టించుకోండి, ఖాళీగా తెచ్చుకోండి, నందికొట్కూరులో శనగలు కొని నింపి కిటికీ మీద వేసి లెన్సు ఆనించండి. ట్రైపాడ్ కారులో పనికిరాదు. ఏసీ కారులోంచి కెమెరా బయట పెడితే అద్దం మీద తేమ కమ్ముతుంది, కాబట్టి స్పాటుకు అరగంట ముందే ఏసీ ఆపేయండి. మూడోది బూట్లు, చీలమండ దాటేవి. గొర్రెల కాపరులు చెప్పే మాట వినాలి. "సార్, ఆ కంపలోకి పోవాకండి, పింజర్లుంటాయి" అని ఒకాయన కేకేస్తే నా పక్కనున్న కుర్రాడు నవ్వాడు. ఆయన కర్రతో చూపించిన రాయి కింద నిజంగానే ఒకటి చుట్ట చుట్టుకుని ఉంది.

ఈ ఏడు సెప్టెంబరు మూడో వారం తర్వాత, వాన చూసుకుని, ఒక శనివారం తెల్లవారుజామున కర్నూలు నుంచి బయల్దేరదామని ఉంది. ముందు రోళ్లపాడు, అక్కడ బురదైతే పెనుకొండ. టిఫిను నందికొట్కూరులో, ఉగ్గాని బజ్జి. కారులో నాతో కలిపి ముగ్గురికే చోటు. వెనక సీట్లో ఇద్దరికీ చెరో కిటికీ కావాలి కాబట్టి నాలుగో మనిషిని ఎక్కించుకోను. తేదీ మాత్రం రెండు రోజుల ముందే చెబుతాను, దానికి సిద్ధపడ్డవాళ్లే అడగండి.